భీమిలి దగ్గర సముద్రపు అడుగు పటం: ఆరు ట్రిప్పుల డైరీ

శబ్దంతో లోతు కొలిచి, లెక్కతో పటం గీయాలనుకునేవాళ్లు మేం పోగొట్టుకున్న ట్రిప్పులను మళ్లీ పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. నేను ఫిజిక్స్ చెప్పే మాస్టారిని. నాతో ఇద్దరు పాత విద్యార్థులు, ఒక ఫైబర్ పడవ, దాన్ని నడిపే సరంగు. భీమిలికి, మంగమారిపేటకు మధ్య తీరం నుంచి 300 మీటర్ల దగ్గర మొదలై 900 మీటర్ల వరకు వెళ్లే ఒక దీర్ఘచతురస్రాన్ని కొలిచాం. తీరానికి అడ్డంగా 600 మీటర్లు, తీరం వెంట 400 మీటర్లు. అందులో ఎక్కడో ఒక రాయి ఉంది. సరంగు వల దాని మీద మూడుసార్లు చిరిగింది. ఆ రాయిని పటం మీద పెట్టడమే మా పని.

అన్నిటికంటే ముందు ఒక మాట. విశాఖ నౌకాదళం ఉన్న ఊరు. సముద్రంలో లోతులు కొలవడం ఇక్కడ ఊరికే చేసే పని కాదు. మేం ఎక్కడ, ఎప్పుడు, ఏ పరికరంతో కొలుస్తామో రాసిచ్చి, అనుమతి చేతికి వచ్చాకే పడవ ఎక్కాం. అందుకే ఇందులో అక్షాంశ రేఖాంశాలు ఇవ్వడం లేదు. అనుమతి కాగితం లేకుండా, లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ దీన్ని చేయవద్దు.

దశ 1: సామాను

చేపల కోసం వాడే పాత ఎకో సౌండర్ ఒకటి, 200 కిలోహెర్ట్జ్‌ది, కొన్నాం. ధ్వని కిరణం వెడల్పు సుమారు 20 డిగ్రీలు. ఇది లోతును, జీపీఎస్ రిసీవరు స్థానాన్ని సెకనుకు ఒకసారి ఎన్ఎమ్ఈఏ వాక్యాలుగా (పడవ పరికరాలు సమాచారం పంపుకునే అక్షరాల వరుసలు) పంపుతాయి. రెండిటినీ ఒక చిన్న కంప్యూటర్ ఒకే ఫైలులో రాస్తుంది.

మాకు ఆలస్యంగా తెలిసిన ఒక చిన్న విషయం ఇక్కడే చెబుతాను. మా సౌండర్ మీటర్లలో ఒక దశాంశమే ఇస్తుంది, అంటే 10 సెంటీమీటర్ల మెట్లు. కానీ డీబీటీ అనే వాక్యంలో అదే లోతు అడుగుల్లో కూడా ఒక దశాంశంతో వస్తుంది. అడుగులో పదో వంతు అంటే 3 సెంటీమీటర్లు. మీటర్ల అంకె వదిలేసి అడుగుల అంకె తీసుకుని 0.3048తో గుణిస్తే, పైసా ఖర్చు లేకుండా కొలత మూడింతలు సన్నబడుతుంది.

ఖర్చు: సౌండర్ 13,500, జీపీఎస్ 1,200, కంప్యూటర్ 4,800, బ్యాటరీ 1,000, ఇనుప పైపు, క్లాంపులు 1,300.
ఇప్పటి వరకు: రూ. 21,800. గీతలు: 0 కి.మీ.

దశ 2: మొదటి ట్రిప్పు, జనవరి 5. ఒక్క గీత కూడా దక్కలేదు

ట్రాన్స్‌డ్యూసర్‌ను (ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని అందుకునే భాగం) పడవ వెనక చెక్కకు బిగించాం. పడవ నిలిచి ఉన్నప్పుడు అడుగు స్పష్టంగా కనిపించింది. ఇంజను వేయగానే తెర నిండా చుక్కలు. లోతు 0.9, 14.2, 0.9, తర్వాత ఖాళీ. ప్రొపెల్లర్ తిప్పిన నీటిలో గాలి బుడగలు ఉంటాయి. నీటిలో వెళ్లే ధ్వనికి బుడగ గోడ లాంటిది. వెళ్లేది వెళ్లదు, వచ్చేది రాదు.

ఇంజను ఆపాక కూడా తెర మీద సన్నని అడ్డగీతలు పోలేదు. దానికి కారణం వేరు. కంప్యూటర్‌కు 12 వోల్టులను 5 చేసే చౌక కన్వర్టరు, సౌండరు ఒకే బ్యాటరీ మీద ఉన్నాయి. కన్వర్టరు లోపలి స్విచింగ్ శబ్దం తీగల గుండా సౌండర్‌లోకి వస్తోంది. కన్వర్టర్ తీగ పీకగానే తెర శుభ్రపడింది.

మార్చినవి:
1. ట్రాన్స్‌డ్యూసర్ వెనక నుంచి పడవ నడుం పక్కకు వచ్చింది. పైపు కింద బిగించి, నీటి మట్టానికి 0.42 మీటర్ల కింద ఉంచాం.
2. పైపు వణకకుండా ముందుకూ వెనక్కూ రెండు తాళ్లతో బిగించి కట్టాం. ముందు తాడు లేకపోతే సెకనుకు 2 మీటర్ల వేగానికే పైపు వెనక్కి వాలుతుంది.
3. కంప్యూటర్‌కు విడిగా రెండో బ్యాటరీ.

బ్యాటరీ, అదనపు క్లాంపులు 1,450. పడవ, డీజిల్ కలిపి ట్రిప్పుకు 2,000.
ఇప్పటి వరకు: రూ. 25,250. గీతలు: 0 కి.మీ.

దశ 3: రెండో ట్రిప్పు, జనవరి 12. మమ్మల్ని నమ్మించిన తప్పు

సౌండర్ కొలిచేది లోతు కాదు, సమయం. ధ్వని కిందికి వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని వేగంతో గుణించి సగం చేస్తుంది. 10 మీటర్ల లోతుకు ఆ సమయం సుమారు 13 మిల్లీసెకన్లు. వేగం తప్పు అయితే లోతు అదే నిష్పత్తిలో తప్పవుతుంది. చాలా చౌక సౌండర్లు 1500 మీ/సె అని ఒకే అంకె లోపల పెట్టుకుంటాయి. మాదీ అంతేనా కాదా తెలుసుకోవడానికి పాత పద్ధతి ఉంది. ఒక ఇనుప పలకను తాడుతో ట్రాన్స్‌డ్యూసర్ కిందికి తెలిసిన దూరాలకు దించి, సౌండర్ ఏం చెబుతుందో చూడాలి.

నైలాన్ తాడుకు ఇంటి దగ్గర టేపుతో కొలిచి 2, 4, 6, 8 మీటర్ల దగ్గర రంగు గుర్తులు పెట్టాం. పలక 8 మీటర్ల గుర్తుకు దించితే సౌండర్ దాదాపు 8 మీటర్లే చూపింది. నాలుగు గుర్తుల నుంచి తీసిన ధ్వని వేగం 1493. సౌండర్ లోపలి 1500కి ఇంత దగ్గరగా ఉంది కదా, దిద్దుబాటు అక్కర్లేదని ఒడ్డుకు వచ్చేశాం.

ఆ రాత్రి లెక్క వేశాను. లోతు తక్కువ కాబట్టి ఒత్తిడి ప్రభావం దాదాపు లేదు. ఉష్ణోగ్రత T, లవణీయత (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) S ఉంటే వేగం సుమారుగా

1449.2 + 4.6T − 0.055T² + 0.00029T³ + (1.34 − 0.01T)(S − 35)

మన నీరు చలికాలంలోనూ 26 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. లవణీయత కాస్త తగ్గించి వేసినా వేగం 1530కి తగ్గడం లేదు. 1493 రావాలంటే నీరు చాలా చల్లగా ఉండాలి. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్న నీరు అది.

మర్నాడు తాడును మేడ మీద నుంచి అదే పలకతో వేలాడదీసి, తడిపి కొలిచాం. 8 మీటర్ల గుర్తు 8.20 దగ్గర ఉంది. బరువుకు, తడికి నైలాన్ రెండున్నర శాతం సాగింది. సౌండర్ రెండు శాతం తక్కువ చూపుతోంది, తాడు రెండున్నర శాతం ఎక్కువ దిగుతోంది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసి మాకు ఒప్పులా కనిపించాయి. ఈ ప్రాజెక్టులో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. పెద్దగా కనిపించే తప్పును పట్టుకోవచ్చు. అంతా సరిగ్గా ఉందని చెప్పే తప్పును ఇంకో దారిలో లెక్క వేసుకుంటే తప్ప పట్టుకోలేం.

ఇప్పటి వరకు: రూ. 27,250. గీతలు: 0 కి.మీ.

దశ 4: మూడో ట్రిప్పు, జనవరి 19. వేగం, ఆలస్యం

తాడు బదులు స్టీలు తీగ. లవణీయత కోసం రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరు. ఉష్ణోగ్రతకు పొడుగు వైరు ఉన్న సెన్సరు (ఇది ల్యాబులో పడి ఉన్నదే). పైన, 4 మీటర్లలో, 8 మీటర్లలో కొలిచాం. సగటు 26 డిగ్రీలు, లవణీయత 31. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉత్తరం నుంచి తీరం వెంట దిగే ప్రవాహం నదుల నీటిని మోసుకొస్తుంది. 35 కాకుండా 31 రావడానికి కారణం అదేనని నా నమ్మకం. సూత్రంలో వేస్తే 1532.

పలక కొలతలు:
తీగ 2 మీ. : సౌండర్ 1.89
తీగ 4 మీ. : సౌండర్ 3.84
తీగ 6 మీ. : సౌండర్ 5.82
తీగ 8 మీ. : సౌండర్ 7.77

2 నుంచి 8 వరకు తీగ 6 మీటర్లు దిగితే సౌండర్ 5.88 దిగింది. నిష్పత్తి 0.98. 1500ను దానితో భాగిస్తే 1531. ఒకటి పలకతో, ఒకటి ఉప్పూ వేడీతో. రెండు దారులు ఒక్క మీటరు తేడాతో ఒకే చోటికి వచ్చాయి. అప్పుడు నమ్మాను.

అన్ని కొలతల్లోనూ ఇంకో 7 సెంటీమీటర్లు తక్కువ ఉంది, లోతుతో మారకుండా. వెతికితే, తీగను మేం కొలవడం మొదలుపెట్టింది ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నుంచి కాదు, దాన్ని పట్టుకున్న క్లాంపు పైఅంచు నుంచి. మధ్య దూరం టేపుతో 7 సెంటీమీటర్లు. కాబట్టి అది సౌండర్ తప్పు కాదు, పటంలోకి రాదు. లోతుతో పెరిగే తేడా వేగానిది, పెరగని తేడా కొలత మొదలైన చోటుది. రెండు లోతుల దగ్గర మాత్రమే పలక పెట్టి ఉంటే ఈ తేడాను ఇంత నమ్మకంగా విడదీయలేకపోయేవాళ్లం. కనీసం నాలుగు లోతులు పెట్టండి.

తర్వాత పని ఆలస్యం. జీపీఎస్ చెప్పే స్థానం ఈ క్షణానిది. సౌండర్ చెప్పే లోతు కొంచెం పాతది, లోపల సగటు తీసి పంపుతుంది కనుక. ఎంత పాతదో తెలియాలంటే ఎత్తుగా నిలిచిన దేని మీదుగానో రెండు వైపులా వెళ్లాలి. సరంగును ఆ రాయి దగ్గరికి తీసుకెళ్లమన్నాం. ఆయన జీపీఎస్ వైపు చూడలేదు. వెనక కొండ కొసను తీరం మీది ఒక తాటిచెట్టుతో ఒక గీతలోకి తెచ్చుకున్నారు. పక్కన ఇంకో కొండ వాలును ఒక డాబాతో కలిపారు. రెండు గీతలు కలిసిన చోట "ఇక్కడే మాస్టారూ" అన్నారు. మొదటిసారి దాటినప్పుడే రాయి తెర మీదికి వచ్చింది, ఆయన చెప్పిన చోటికి 6 మీటర్లలో.

సెకనుకు 2 మీటర్ల వేగంతో ఆరుసార్లు అటూ ఇటూ వెళ్లాం. తూర్పుకు వెళ్తే రాయి తూర్పుకు, పడమరకు వెళ్తే పడమరకు జరిగి కనిపించింది. రెండు శిఖరాల మధ్య సగటున 6.4 మీటర్లు. ఆలస్యం = 6.4 ÷ (2 × 2) = 1.6 సెకన్లు. తెర మీద గీత నున్నగా కనిపించడానికి సౌండర్‌లో పెట్టిన సగటు సెట్టింగ్‌ను సున్నా చేసి మళ్లీ వెళ్తే 3.2 మీటర్లకు, అంటే 0.8 సెకన్లకు దిగింది. ఇక అప్పటి నుంచి ప్రతి లోతును 0.8 సెకన్ల వెనకటి స్థానానికి అంటిస్తున్నాం.

తీగ 600, రిఫ్రాక్టోమీటరు 1,500, పడవ 2,000.
ఇప్పటి వరకు: రూ. 31,350. పటానికి పనికొచ్చే గీతలు: ఇంకా 0 కి.మీ.

దశ 5: నాలుగు, ఐదు ట్రిప్పులు, ఫిబ్రవరి 2, 9

ఇక్కడ పెద్దగా చెప్పాల్సింది లేదు. తీరానికి అడ్డంగా 25 మీటర్ల ఎడంతో 17 గీతలు, ఒక్కోటి 600 మీటర్లు. వారం తర్వాత వాటిని అడ్డంగా కోస్తూ, తీరం వెంట 4 గీతలు. నాలుగో ట్రిప్పులో 5,100 కొలతలు, బుడగల వల్ల పాడైనవి 212 తీసేశాం. ఐదో ట్రిప్పులో మిగిలినవి 788. ఆ రోజు పడవలో ఒక మనిషి ఎక్కువ. ట్రాన్స్‌డ్యూసర్ 4 సెంటీమీటర్లు లోపలికి దిగింది. ప్రతి ట్రిప్పులో ఎక్కగానే, దిగేముందు పైపు మీది గుర్తు చూసి రాసుకోండి.

ఇప్పటి వరకు: రూ. 35,350. గీతలు: 11.8 కి.మీ. కొలతలు: 5,676.

దశ 6: ఆటుపోట్ల దిద్దుబాటు తలకిందులైంది

అడ్డగీతలు ఎందుకంటే, 17 గీతలు, 4 గీతలు కలిసే 68 చోట్ల ఒకే అడుగును రెండు వేర్వేరు రోజుల్లో కొలుస్తాం. రెండూ ఒకటే చెప్పాలి. చెప్పకపోతే తప్పు మనది.

దిద్దక ముందు 68 చోట్ల సగటు తేడా 0.38 మీటర్లు. ఆటుపోట్లు దిద్దలేదు కాబట్టి ఆశ్చర్యం లేదు. విశాఖ రేవు ఆటుపోట్ల పట్టికలోని గరిష్ఠ కనిష్ఠాల మధ్య కొసైన్ వక్రం గీసి, ప్రతి కొలత సమయానికి నీటి ఎత్తు తీసి దిద్దాం. తేడా తగ్గాలి. 0.71కి పెరిగింది.

మొదట గుర్తు తప్పేమో అనుకుని తీసివేసే చోట కూడాం. తేడా బాగా తగ్గింది. కానీ అర్థం కాలేదు. నీరు ఎక్కువ ఉన్నప్పుడు కొలిచిన లోతు ఎక్కువ వస్తుంది, దాన్ని తీసేయాలి. గుర్తు ముందు నుంచీ సరిగ్గానే ఉంది. అర్థం కాని దిద్దుబాటు పనిచేసినా దాన్ని వదిలేశాం. అసలు కారణం రెండు రోజులకు దొరికింది. జీపీఎస్ సమయం గ్రీన్‌విచ్ లెక్కది. పట్టిక మన సమయంలో ఉంది. మధ్య ఐదున్నర గంటలు. ఇక్కడ ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు, ఒక చుట్టు సుమారు 12.42 గంటలు. అందులో సగం 6.2. ఐదున్నర గంటలు జరిగితే పోటు ఉన్న చోట దాదాపు ఆటు వస్తుంది. అందుకే గుర్తు తిప్పితే సరిపోయినట్టు అనిపించింది. సమయం సరిచేశాక సగటు తేడా 0.03.

ఇది చిన్న దిద్దుబాటు కాదు. నీరు 1.2 మీటర్లు మారే రోజున, మధ్య పోటులో మూడు గంటలు పనిచేస్తే మట్టం 0.8 మీటర్లు మారుతుంది. మా రాయి ఎత్తు దానికి దాదాపు రెండింతలు, అంతే.

ఒక కొలత మీద జరిగే పని మొత్తం, తొమ్మిదో గీతలో ఒక బిందువుకు:
1. సౌండర్ 27.9 అడుగులు. మీటర్లలో 8.504.
2. ధ్వని వేగం: 8.504 × 1532 ÷ 1500 = 8.69.
3. ట్రాన్స్‌డ్యూసర్ లోతు 0.42 కలిపితే 9.11.
4. ఆ క్షణానికి నీటి ఎత్తు 0.93 తీసేస్తే 8.18.

తెర మీద 8.5, పటంలో 8.18. అంకెలు దగ్గరగా కనిపిస్తున్నాయి కదా అని మధ్య పనులు వదిలేయవద్దు. ఇంకో గంటకు ఆ తేడా ఇంకోలా ఉంటుంది.

దశ 7: పటంలో రాయి లేదు

ఫిబ్రవరి మూడో వారానికి మొదటి పటం వచ్చింది. అచ్చు వేసి సరంగుకు చూపించాను. ఆయన వేలితో వెతికి, "మాస్టారూ, మా వల చిరిగింది ఇక్కడే. మీ పటంలో రాయేదీ?" అన్నారు. మూడో ట్రిప్పులో అందరం కళ్లారా చూసిన రాయి. పటంలో ఆ చోట నున్నటి ఇసుక.

నా వల్లే పోయింది. పడవ అలల మీద లేచి పడుతుంటే లోతూ లేచి పడుతుంది. అది తీసేయడానికి 30 సెకన్ల కదిలే సగటు వేశాను. సెకనుకు 2 మీటర్లంటే 60 మీటర్ల పొడవు. రాయి వెడల్పు 14 మీటర్లు, ఎత్తు 1.8. అంత చిన్నదాన్ని 60 మీటర్ల మీద పరిస్తే 0.2 మీటర్ల ఉబ్బు మిగులుతుంది. దాన్ని ఎవరు గుర్తుపడతారు? పైగా 25 మీటర్ల ఎడంతో వెళ్తే 14 మీటర్ల రాయి ఒక గీత కింద పడే అవకాశం 56 శాతమే. మాకు ఒక్క గీత దాని అంచును తాకింది.

సగటును తగ్గిస్తే అలలు అలాగే మిగిలిపోతాయి. ముందు మోషన్ సెన్సర్‌తో ప్రయత్నించాం. త్వరణాన్ని రెండుసార్లు సమాకలనం చేస్తే పడవ ఎత్తు రావాలి. సెన్సర్‌లో 0.02 మీ/సె² స్థిర లోపం ఉన్నా, నిమిషంలో ½ × 0.02 × 60² = 36 మీటర్ల తప్పు. ఆ జారుడును వడకట్టాలని పది రోజులు కూర్చున్నాం. మా చౌక సెన్సర్‌తో కాలేదు.

దారి పాత ఫైలులోనే ఉంది. వడపోత వేయని గీతలను పక్కపక్కన పెట్టి చూస్తే, సముద్రం వైపు వెళ్లే గీతల్లో గుబ్బలు 16 మీటర్లకొకటి ఉన్నాయి, తీరానికి తిరిగొచ్చే గీతల్లో 26 మీటర్లకొకటి. ఒకే అడుగు మీద గుబ్బల ఎడం పడవ దిశను బట్టి మారదు. లెక్క వేశాం. దూరం నుంచి వచ్చే 10 సెకన్ల పొడుగు అల, 10 మీటర్ల లోతులో సెకనుకు 9.2 మీటర్లు పోతుంది, పొడవు 92 మీటర్లు. ఎదురెళ్తే పడవకు 8.2 సెకన్లకొకసారి తగులుతుంది, తోడుగా వెళ్తే 12.8 సెకన్లకొకసారి. 2తో గుణిస్తే 16.4, 25.6. అచ్చం మా గుబ్బలే.

అల సమయానికి కట్టుబడి ఉంటుంది, రాయి చోటుకు. కాబట్టి ఒకే గీత మీద వేర్వేరు వేగాలతో, రెండు దిశల్లో వెళ్తే, జరిగిపోయేది అల, అక్కడే నిలిచేది రాయి. నున్నగా రాసే వడపోత కంటే ఇది మేలు, ఎందుకంటే ఇది రాయిని తాకదు.

దశ 8: ఆరో ట్రిప్పు, మార్చి 2

రాయి మీద 100 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు పెట్టె. 5 మీటర్ల ఎడంతో 9 గీతలు. ఒక్కో గీత నాలుగుసార్లు: సెకనుకు 1.5 మీటర్లతో వెళ్లి రావడం, 3 మీటర్లతో వెళ్లి రావడం. గీత మీద ప్రతి 2 మీటర్ల గడికి నాలుగు దాటింపుల మధ్యస్థ విలువ తీసుకున్నాం. అల వల్ల చెదురు 0.18 మీటర్ల నుంచి దాదాపు సగానికి తగ్గింది. రాయి నాలుగు దాటింపుల్లోనూ అక్కడే నిలిచింది.

చివర్లో సరంగు సీసపు గుండు దించారు. వాళ్ల కొలత బార, రెండు చేతులు చాపినంత. ముందే టేపుతో ఆయన బారను కొలిచి పెట్టుకున్నాను, 1.68 మీటర్లు. పక్కన ఇసుక మీద అయిదున్నర బారలు, అంటే 9.24. అదే క్షణంలో సౌండర్ 9.17. రాయి మీద నాలుగున్నర బారలు, 7.56. సౌండర్ 7.30.

ఇసుక మీద 7 సెంటీమీటర్లే తేడా ఉంటే రాయి మీద 26 ఎందుకు? రెండూ వేరు వేరు చోట్లను కొలుస్తాయి. 20 డిగ్రీల కిరణం 7 మీటర్ల లోతులో రెండున్నర మీటర్ల వెడల్పు మచ్చగా పడుతుంది. ఆ మచ్చలో అన్నిటికంటే ఎత్తైన బిందువు నుంచి ప్రతిధ్వని ముందు వస్తుంది, సౌండర్ దాన్నే లోతు అంటుంది. గుండు మాత్రం కొస మీద నిలవక పక్కకు జారుతుంది. ఎత్తుకు సౌండర్‌ను నమ్మాను. వెడల్పుకు మాత్రం నమ్మలేను. కొస పక్కన ఉన్నా కిరణం దాన్నే చూస్తుంది కాబట్టి రాయి 14 మీటర్ల కంటే సన్నగానే ఉండాలి.

ఇప్పటి వరకు: రూ. 37,350. గీతలు: 15.4 కి.మీ. కొలతలు: 7,476.

దశ 9: గీతల మధ్య ఖాళీని లెక్కతో నింపడం

గీత మీద 2 మీటర్లకొక కొలత, గీతకూ గీతకూ మధ్య 25 మీటర్ల ఖాళీ. దూరాన్ని బట్టి బరువు ఇచ్చే మామూలు పద్ధతి వాడితే పటం నిండా గీతల వెంట చారలు, గుండ్రటి మచ్చలు. అది సముద్రపు అడుగు కాదు, మా పడవ నడిచిన దారి.

రెండు మెట్లుగా చేశాం. మొదట, ఇసుక తీరాలు సాధారణంగా తీసుకునే ఆకారం: లోతు = A × x^(2/3), x అంటే ఒడ్డు నుంచి దూరం. తీరాలను పరిశోధించిన బ్రూన్, తర్వాత డీన్ ఈ రూపాన్ని చూపారు. A ఇసుక రేణువు పరిమాణాన్ని బట్టి మారుతుంది. మా కొలతలకు సగటు మట్టం నుంచి A = 0.11 బాగా కుదిరింది. 300 మీటర్ల దగ్గర 4.9, 900 దగ్గర 10.3. ఈ వాలును తీసేస్తే మిగిలేదే అసలు విషయం: ఇసుక గట్టు, రాయి.

మిగిలినదానికి క్రిగింగ్. ఎంత దూరంలో ఉన్న రెండు బిందువులు ఎంత పోలికగా ఉంటాయో మన కొలతల నుంచే వేరియోగ్రామ్‌గా తీసి, దాని ప్రకారం ఖాళీ నింపే పద్ధతి ఇది. అన్ని దిశలకూ ఒకే పరిధి పెడితే, 300 నుంచి 400 మీటర్ల మధ్య తీరానికి సమాంతరంగా ఉన్న ఇసుక గట్టు గీతకొక పూస చొప్పున పూసల దండలా వచ్చింది. తీరం వెంట పరిధి 150 మీటర్లు, అడ్డంగా 40 పెట్టాక ఒకే గట్టుగా కలిసింది. ఒక్కో గీతను దాచి, మిగతా వాటితో దాన్ని ఊహించి చూస్తే పాత పద్ధతి తప్పు 0.21 మీటర్లు, దీని తప్పు 0.12.

కానీ గట్టును బాగుచేసిన అదే సాగతీత రాయిని 60 మీటర్ల గోడగా మార్చింది. రెండు రోజులు మధ్యేమార్గపు పరిధి కోసం వెతికాను. దొరకలేదు, దొరకదు కూడా. గట్టును అలలు తీరం వెంట పేర్చాయి. రాయిని అవి పేర్చలేదు. రెండిటికీ ఒకే నియమం వర్తించదు. చివరికి రాయి పెట్టెను విడిగా, అన్ని దిశలకూ 12 మీటర్ల పరిధితో లెక్కించి, పెద్ద పటంలో అతికించాం.

క్రిగింగ్ ప్రతి గడికి తన అనుమానం ఎంతో కూడా చెబుతుంది. 0.25 మీటర్లు దాటిన గడులను తెల్లగా వదిలేశాం. ఖాళీలు ఉన్న పటం చూడడానికి బాగుండదు. అయినా కొలవని చోట రంగు వేయడం నాకు ఇష్టం లేదు, దాన్ని నమ్మి వల వేసేవాళ్లు ఉన్నారు.

68 కూడళ్లను మళ్లీ చూశాం. 65 చోట్ల తేడా 0.44 మీటర్ల లోపు. అంతర్జాతీయ జలమాపన ప్రమాణం ఎస్-44లో ఆర్డర్ 1ఎ, 1బి తరగతులకు లోతు తప్పు హద్దు √(0.5² + (0.013 × లోతు)²). 8 మీటర్ల దగ్గర 0.51. లోతు విషయంలో దాని లోపలే ఉన్నాం. అంతమాత్రాన ఇది నౌకలు నడపడానికి పనికొచ్చే చార్టు కాదు. గీతల మధ్య మేం చూడని రాళ్లు ఉండొచ్చు.

ఒక సంగతి. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, మన తీరం ఎదుట ఖండపు వాలులో ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయపు భూగర్భ శాస్త్ర ఆచార్యులు. ఆ లోయల లోతు ముందు మా 10 మీటర్లు ఏమీ కాదు. ప్రతిధ్వని సమయాన్ని లోతుగా మార్చే పని మాత్రం అక్కడా ఇదే.

దశ 10: ప్రస్తుతం

మార్చి చివర్లో ప్లాస్టిక్ పూత వేయించిన పటం సరంగుకు ఇచ్చాను. లోతులు మీటర్లలో, పక్కన బారల్లో. ఆయన రాయిని చూసి తల ఊపి, "బారెత్తు రాయి. అంతే ఉంటాది" అన్నారు. తర్వాత పెన్ను అడిగి, మా పెట్టెకు ఈశాన్యంగా, పటం అంచు బయట తెల్ల కాగితం మీద ఇంకో గుర్తు పెట్టారు. అక్కడ రెండు రాళ్లు పక్కపక్కన ఉన్నాయట, మధ్యలో పడవ వెడల్పు సందు.

20 డిగ్రీల కిరణంతో ఆ లోతులో అంత సందు కనిపించదు. రెండూ కలిసి ఒకే గుబ్బగా వస్తాయి. దానికి సన్నని కిరణం కావాలి. 9 డిగ్రీల ట్రాన్స్‌డ్యూసర్ వాడినది ఎవరి దగ్గరైనా ఉందేమో వెతుకుతున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, పడవ ఒడ్డునే ఉంటుంది. ఆ రెండు నెలల్లో పైపు క్లాంపును కొత్తగా చేయించాలి. కొత్త పెట్టెకు అనుమతి దరఖాస్తు ఇచ్చాం.

మొత్తం: 6 ట్రిప్పులు, 15.4 కి.మీ., 7,476 కొలతలు, రూ. 37,350. పూత, అచ్చు ఖర్చు 240 వేరు.